ఐవీఎఫ్ రికార్డు లీకైన కేసు: పరిహారం కోసం ఏ చట్టం పట్టుకున్నాం, ఎందుకు

క్లయింట్ల అనుమతితోనే ఈ కేసు గురించి రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. సాక్ష్యానికీ చట్టానికీ సంబంధించిన విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉంచాను. వైద్య రికార్డులు లీకైనవాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు చాలామంది చేతిలో పోలీసు ఫిర్యాదు కాగితం తప్ప ఇంకేమీ ఉండదు. ఆసుపత్రి మీద కూడా కేసు వేయొచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు.

ఏం జరిగింది

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఒక ప్రైవేటు ఫెర్టిలిటీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ చేయించుకున్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అడ్మిషన్ ఫారంలో అత్యవసరమైతే ఫోన్ చేయడానికి ఇంకొకరి నంబరు తప్పనిసరిగా ఇవ్వాలన్నారు కాబట్టి భర్త అన్నయ్య నంబరు రాశారు. ఎందుకు రాశారో ఆయనకీ చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత భర్తకి ఫోన్ వచ్చింది. ఆసుపత్రి బిల్లింగ్ నుంచి మాట్లాడుతున్నానని, ప్యాకేజీలో డబ్బు మిగిలిందని, వాపసు వేయాలని అవతలి మనిషి చెప్పాడు. డాక్టరు పేరు, ప్యాకేజీ పేరు, ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడం) తేదీ గడగడా అప్పజెప్పాడు. అన్ని వివరాలు చెబుతుంటే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. భర్త లింకు నొక్కి యూపీఐ పిన్ కొట్టాడు, ఖాతాలోంచి డబ్బు పోయింది. మర్నాడు మళ్ళీ ఫోన్. ఈసారి అనుమానం వచ్చి తిట్టి పెట్టేశాడు. ఆ సాయంత్రమే భార్య రిపోర్టు ఫొటో బావగారి వాట్సాప్‌కి వెళ్ళింది. ఆయన పాపం కంగారుపడి ఇంటికి ఫోన్ చేసి, "ఏమ్మా, ఏదో రిపోర్టు వచ్చింది, ఎవరికి బాగాలేదు?" అని అడిగారు.

ఆవిడ నా ఎదురుగా కూర్చుని మొదట అన్నమాట ఇది: "డబ్బు పోతే పోయింది మేడమ్. నా రిపోర్టు మా బావగారి ఫోన్‌లోకి ఎలా వెళ్ళిందో నాకు తెలియాలి."

కేసు ఎలా నడపాలో ఆ ఒక్క మాటతోనే తేలిపోయింది. ఇక్కడ తప్పు చేసినవాళ్ళు ఇద్దరు. డబ్బు కాజేసిన మోసగాడు ఒకడు, వాడి చేతికి రికార్డు చేరేలా చేసినవాళ్ళు ఇంకొకరు. మోసగాడి సంగతి పోలీసులు చూడాలి. రెండోవాళ్ళని జవాబు చెప్పించడం మా పని.

మొదట చేసినవి

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేశాం. కానీ బ్యాంకు మీద నాకు పెద్ద ఆశ లేదు. రిజర్వ్ బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం మూడో వ్యక్తి వల్ల జరిగిన అనధికార లావాదేవీని 3 పనిదినాల్లోపు చెబితే కస్టమర్‌కి నష్టం ఉండదు. అదే కస్టమరే పిన్నో ఓటీపీనో ఇచ్చిన చోట, బ్యాంకుకి చెప్పేదాకా జరిగిన నష్టం కస్టమర్‌దే. మా కేసులో పిన్ కొట్టింది భర్తే.

ఎఫ్ఐఆర్‌లో ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లతో పాటు భారతీయ న్యాయ సంహిత కింద మోసం సెక్షన్లు పడ్డాయి. ఆసుపత్రి పేరు కూడా ఫిర్యాదులో రాయించాం. ఒప్పందం ప్రకారం తన దగ్గరికి వచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, నష్టం కలుగుతుందని తెలిసీ బయటపెడితే 72ఏ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. అక్కడ "తెలిసీ" అన్నది నిరూపించడం కష్టం. అయినా ఫిర్యాదులో ఆ మాట ఉంటే దర్యాప్తు అధికారి ఆసుపత్రికి కనీసం ఒక లేఖైనా రాస్తారు.

బావగారి ఫోన్‌లో మెసేజ్ డిలీట్ చేయొద్దని ముందే చెప్పాం. ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి అందరూ మొదట చేసే పని డిలీటే. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ పెట్టాలి, అందులో హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపించే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. అసలు మెసేజ్ ఫోన్‌లో ఉంటే ఈ పని సాఫీగా సాగుతుంది, లేకపోతే ప్రతి వాయిదాకీ దాని మీదే వాదన నడుస్తుంది.

ఆసుపత్రికి రెండు కాగితాలు పంపాం. ఒకటి, ఆవిడ సంతకంతో తన వైద్య రికార్డు మొత్తం కావాలన్న దరఖాస్తు. 2002 వైద్య ప్రవర్తనా నియమాల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రెండోది, లాగ్‌లు భద్రపరచమని లీగల్ నోటీసు. ఏ లాగిన్‌తో, ఎప్పుడు, ఏ రికార్డు తెరిచారో, ఏది డౌన్‌లోడ్ చేశారో ఆ లాగ్‌లలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లని 180 రోజులు ఉంచాలి, డేటా లీక్ లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలి. ఆ 180 రోజులు దాటితే "నిబంధన ప్రకారమే తుడిచేశాం" అనే జవాబు రావచ్చు. అందుకే ఈ నోటీసుని మిగతా వాటికంటే ముందు పంపించాను. పరిహారం ఎంత అడగాలన్నది తర్వాత కూర్చుని ఆలోచించుకోవచ్చు.

తేదీ పట్టించింది

ఆసుపత్రి రిప్లై నోటీసు క్లుప్తంగా ఉంది. మా సిస్టమ్‌లో ఎలాంటి లీకూ జరగలేదు, మీ సమాచారం మందుల షాపు నుంచో బయటి ల్యాబ్ నుంచో వెళ్ళి ఉండొచ్చు, పిన్ ఇచ్చింది మీరే, మాకు సంబంధం లేదు.

లీక్ కేసుల్లో దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు ఇదే, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక మనిషి వైద్య సమాచారం నిజంగానే నాలుగైదు చోట్ల ఉంటుంది. ఈ లీక్ మీ దగ్గరే జరిగిందని చూపించలేకపోతే కేసు అక్కడే ఆగిపోతుంది.

72 గంటల దరఖాస్తుతో వచ్చిన ఫైల్‌ని క్లయింట్లతో కలిసి పేజీ పేజీ చదివాం. మోసగాడు మొదటి ఫోన్‌లో చెప్పిన ట్రాన్స్‌ఫర్ తేదీని భర్త అప్పుడే ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఆవిడ ఆ కాగితం చూసి ఆగిపోయారు. "ఇది కాదు కదా మేడమ్, ఆ రోజు నాకు జ్వరం వస్తే రెండు రోజులు వాయిదా వేశారు." ఫైల్‌లో చూస్తే ప్రొసీజర్ నోట్స్‌లో, మందుల బిల్లుల్లో, ల్యాబ్ కాగితాల్లో అంతటా అసలు తేదీయే ఉంది. ఒక్క అపాయింట్‌మెంట్ షెడ్యూల్ ప్రింట్‌లో మాత్రం పాత తేదీ మార్చకుండా అలాగే ఉండిపోయింది. ఆ షెడ్యూల్ మందుల షాపు దగ్గర ఉండదు, ల్యాబ్ దగ్గరా ఉండదు. బావగారి నంబరు ఉన్నది కూడా ఆ ఆసుపత్రి అడ్మిషన్ ఫారంలోనే.

రెండు చిన్న విషయాలు, రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌ని చూపించాయి. ఇలాంటి కేసులో నేను ముందు వెతికేది ఒక్క చోట మాత్రమే ఉండే వివరాన్ని, మరీ ముఖ్యంగా ఒక్క చోట మాత్రమే ఉండే తప్పుని. ఇంటిపేరులో అచ్చుతప్పు, పాత అడ్రసు, తప్పు వయసు, ఏదైనా కావచ్చు. వచ్చిన ఫోన్‌లో అవతలివాడు ఏమేం చెప్పాడో అప్పటికప్పుడు రాసిపెట్టుకోమని అందరికీ చెబుతుంటాను. భర్త తేదీ రాసుకోకపోయి ఉంటే మాకు ఈ ఆధారం దొరికేది కాదు.

ఎక్కడ వేయాలి

మా ముందు రెండు దారులు ఉన్నాయి.

మొదటిది ఐటీ చట్టం 43ఏ సెక్షన్. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని తగిన భద్రత లేకుండా ఉంచి, దానివల్ల ఎవరికైనా అక్రమ నష్టం కలిగిస్తే సంస్థ పరిహారం ఇవ్వాలి. 2011 నియమాలు వైద్య రికార్డుల్నీ, శారీరక, మానసిక ఆరోగ్య స్థితినీ సున్నితమైన సమాచారంగానే లెక్కిస్తాయి. దరఖాస్తు రాష్ట్ర ఐటీ కార్యదర్శి దగ్గర వేయాలి, ఈ చట్టం కింద అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ఆయనే. 5 కోట్ల రూపాయల దాకా క్లెయిమ్ వినే అధికారం ఉంది. అప్పీలు టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కి వెళ్తుంది. పోయిన డబ్బు పెద్ద మొత్తమైతే నేను ఇదే ఎంచుకుంటాను.

కానీ మా క్లయింట్‌కి జరిగిన నష్టంలో డబ్బు చిన్న భాగం. మనసుకి జరిగిన గాయాన్ని 43ఏ కింద నష్టంగా ఒప్పించడానికి చాలా వాదించాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఆ బాధ లేదు. అందులో 'గాయం' అన్నదాని నిర్వచనంలోనే శరీరం, మనసు, ఆస్తి మూడూ ఉన్నాయి. పైగా వినియోగదారుడు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని రీతిలో ఇంకొకరికి చెప్పడం అదే చట్టంలో 'అనుచిత వ్యాపార పద్ధతి'. క్లయింట్ నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చికిత్సకి కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్ళు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆసుపత్రినీ, దాని సాఫ్ట్‌వేర్ నడిపే కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాం. కంపెనీని వదిలేస్తే తప్పు దానిదేనని ఆసుపత్రి చేతులు దులుపుకుంటుంది, కంపెనీ మాత్రం జవాబు చెప్పడానికి రాదు. ఇద్దరూ ఒకే చోట ఉంటే ఒకరి మీద ఒకరు నెట్టుకోవడంలోనే నిజాలు బయటికొస్తాయి.

ఆసుపత్రి తన వెర్షన్‌లో, అంటే కమిషన్‌కి ఇచ్చిన రాతపూర్వక జవాబులో, మొదట వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదంది. 2018 బిల్లులో 'హెల్త్‌కేర్' అన్న మాట ఉండి చివరి చట్టంలో తీసేశారన్నది వాళ్ళ వాదన. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవేనని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వీపీ శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టం వచ్చాక కూడా అందులో మార్పు లేదని బాంబే హైకోర్టు 2021లో చెప్పింది, దాని మీద వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2022లో కొట్టేసింది. ఆ వాదన అక్కడితో ముగిసింది.

తర్వాత కన్సెంట్ ఫారం చూపించారు. "సేవల నిమిత్తం సమాచారాన్ని పంచుకోవచ్చు" అని చిన్న అక్షరాల్లో ఉంది, కింద ఆవిడ సంతకం ఉంది. దీనికి మా జవాబు ఏఆర్‌టీ చట్టం. సంతాన సాఫల్య చికిత్సలకోసం 2021లో వచ్చిన ఆ చట్టం, చికిత్స తీసుకున్న జంట వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యతని నేరుగా క్లినిక్ మీదే పెట్టింది. ఎవరికి చెప్పొచ్చో కూడా లెక్కపెట్టి చెప్పింది: జాతీయ రిజిస్ట్రీ డేటాబేస్, ఎమర్జెన్సీలో ఆ జంట కోరితే, కోర్టు ఆదేశిస్తే. చట్టం ఇంత స్పష్టంగా గీసిన గీతని ఒక ఫారంలోని వాక్యం చెరపలేదు.

లాగ్‌లు పోకుండా మధ్యంతర ఉత్తర్వు అడిగాం, 38వ సెక్షన్ కింద కమిషన్‌కి ఆ అధికారం ఉంది. ఉత్తర్వు వచ్చాక సాఫ్ట్‌వేర్ కంపెనీ వైఖరి మారింది. తన మీదికి రాకుండా చూసుకోవాలన్న తొందరలో అసలు సంగతి అఫిడవిట్‌లో పెట్టేసింది.

ఎవరూ హ్యాక్ చేయలేదు. ఫాలో-అప్ కాల్స్ చేయించడానికి ఆసుపత్రి మార్కెటింగ్ వాళ్ళు పేషెంట్ల జాబితాని ఎక్సెల్‌లోకి దింపి ఒక టెలికాలింగ్ ఏజెన్సీకి మెయిల్ చేశారు. అందులో పేరు, డాక్టరు, ప్యాకేజీ, షెడ్యూల్ తేదీ, రెండు ఫోన్ నంబర్లు ఉన్నాయి. ప్రతి వరుస చివరా రిపోర్టు పీడీఎఫ్ లింకు. ఆ లింకుకి పాస్‌వర్డ్ లేదు, ఎవరు నొక్కినా తెరుచుకుంటుంది. ఏజెన్సీలో పనిచేసి మానేసిన ఎవరి ఫోన్‌లోనో ఆ షీట్ ఉండిపోయింది. అది చదివినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నాక్కూడా హ్యాకింగ్ అయి ఉంటేనే నయమనిపించింది. తాళం పగలగొట్టారంటే ఒక రకం, మనం నమ్మినవాళ్ళే తలుపు తీసిపెట్టారంటే ఇంకో రకం.

చట్టపరంగా మాత్రం ఇది మాకు కలిసొచ్చింది. హ్యాకింగ్ అయితే "మేమూ బాధితులమే" అని ఆసుపత్రి అనగలదు. తానే పంపిన షీట్ గురించి ఆ మాట అనలేదు.

రాజీ షరతులు

కమిషన్ మీడియేషన్‌కి పంపింది, రాజీ కుదిరింది. పరిహారం ఎంతో బయటపెట్టకూడదన్నది షరతు కాబట్టి అంకె రాయను. పోయిన డబ్బూ, మానసిక క్షోభకి పరిహారమూ రెండూ వేర్వేరుగా లెక్కకట్టి ఇచ్చారు. ఏ సమాచారం ఎవరికి వెళ్ళిందో రాతపూర్వకంగా ఆవిడకి ఇచ్చారు. ఏజెన్సీ తన దగ్గరున్న కాపీలన్నీ తొలగించినట్టు అఫిడవిట్ ఇచ్చింది. పీడీఎఫ్ లింకులు మూసేశారు.

ఒక్క షరతు దగ్గర మాత్రం చర్చ ఒక పట్టాన తెగలేదు. ఆ షీట్‌లో ఉన్న మిగతా పేషెంట్లందరికీ విషయం చెప్పాలని మా క్లయింట్ పట్టుబట్టారు. డబ్బు విషయంలో మెత్తబడ్డ ఆసుపత్రి దీనికి ససేమిరా అంది. పరువు పోతుందనీ, అందరూ కేసులు వేస్తారనీ వాళ్ళ భయం. నిజం చెప్పాలంటే, అప్పటికి అలా ప్రతి పేషెంట్‌కీ చెప్పాలని వాళ్ళని కట్టిపడేసే నిబంధన అమల్లో లేదు. సెర్ట్-ఇన్‌కి చెబితే చాలు. ఇది మన వ్యవస్థలో పెద్ద లోటు అని నేను గట్టిగా నమ్ముతాను. తన రికార్డు బయట తిరుగుతోందని తెలియని మనిషి జాగ్రత్త పడలేదు, ఫిర్యాదు చేయలేదు, రెండేళ్ళ గడువు కరిగిపోతోందని కూడా గ్రహించలేదు. ఒకే ప్రయోజనం ఉన్న వినియోగదారులందరి తరఫునా 35వ సెక్షన్ కింద ఫిర్యాదు వేయడానికి అనుమతి అడుగుతామని చెప్పాక, ఆసుపత్రి దిగివచ్చి నోటీసులు పంపడానికి ఒప్పుకుంది. ఏం రాయాలన్నది కూడా మేమే చూసి సరిచేశాం. మొదటి డ్రాఫ్ట్‌లో "లీక్" అన్న మాటే లేదు.

మోసగాడి మీద పోలీసు కేసు ఇంకా నడుస్తోంది.

ఇదే వేరే చోట జరిగి ఉంటే

ప్రభుత్వ ఆసుపత్రి అయితే దారి మారిపోతుంది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోట వినియోగదారుల చట్టం పనిచేయదు. 43ఏ వర్తించేది వ్యాపార, వృత్తి కార్యకలాపాలు చేసే సంస్థలకే. అక్కడ మిగిలేది హైకోర్టులో 226 అధికరణం కింద రిట్. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పారు కాబట్టి ఆ రిట్‌కి బలమైన ఆధారం ఉంది. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే రకం) జరిగినప్పుడు పేషెంట్లకి ఉన్న దారుల గురించి ఎక్కువ చర్చ జరగకపోవడం నాకు ఇప్పటికీ బాధే. హెచ్ఐవీ, మానసిక చికిత్స రికార్డులకైతే 2017లోనే వచ్చిన ప్రత్యేక చట్టాలు రెండూ గోప్యతని హక్కుగా చెప్పాయి, పిటిషన్‌లో వాటిని తప్పకుండా పేర్కొనాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు కూడా అడుగుతుంటారు. అక్కడ వైద్య సమాచార గోప్యత కోసం ఉన్న హిపా చట్టం కింద పేషెంట్ నేరుగా దావా వేయలేడు. ఫెడరల్ ఆరోగ్య శాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. పరిహారం మాత్రం రాష్ట్ర చట్టాల కింద వేసే క్లాస్ యాక్షన్ల (బాధితులందరి తరఫునా వేసే ఉమ్మడి దావాల) ద్వారా వస్తుంది. దాదాపు 7.9 కోట్ల మంది వివరాలు పోయిన 2015 నాటి ఆంథెమ్ (ఆరోగ్య బీమా కంపెనీ) కేసు అలాగే 11.5 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్‌తో ముగిసింది. యూరప్‌లో డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ 82వ అధికరణం మానసిక నష్టానికి కూడా పరిహారం ఇస్తుంది. సమాచారం దుర్వినియోగం అవుతుందన్న భయం కూడా నష్టం కావచ్చని అక్కడి న్యాయస్థానం 2023 డిసెంబర్‌లో తీర్పిచ్చింది. మన దగ్గర అంత దూరం ఇంకా రాలేదు.

2027 మే

డీపీడీపీ చట్టం (డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) వచ్చింది కదా, దాని కింద పరిహారం రాదా అని చాలామంది అడుగుతారు. రాదు. 2023 నాటి ఆ చట్టానికి నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు అక్కడినుంచి 18 నెలలకి, అంటే 2027 మేలో అమల్లోకి వచ్చేలా పెట్టారు. అప్పటినుంచి లీక్ అయితే బాధితులకి ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా ప్రొటెక్షన్ బోర్డుకి 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. భద్రతలో లోపానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ జరిమానా వెళ్ళేది భారత సంచిత నిధికి. రికార్డు పోయిన మనిషికి ఒక్క రూపాయి రాదు. పైగా అదే చట్టం 43ఏని రద్దు చేస్తుంది. పెద్ద జరిమానా భయం ఆసుపత్రుల్ని జాగ్రత్తగా ఉంచుతుందన్నది నిజమే, నేను దాన్ని కాదనను. కానీ ఉన్న పరిహారం దారిని మూసేసి బదులుగా ఏమీ పెట్టకపోవడం బాధితులకి అన్యాయమే.

రద్దుకి ముందే పుట్టిన హక్కు సాధారణంగా జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ వల్ల నిలుస్తుంది. అయినా ఆ వాదన మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోవద్దని చెబుతున్నాను. ఇప్పటికే రికార్డు లీకై, దానివల్ల డబ్బు పోయినవాళ్ళు 43ఏ దరఖాస్తుని 2027 మే లోపే వేయడం మంచిది. వినియోగదారుల కమిషన్ దారి ఆ తర్వాత కూడా తెరిచే ఉంటుంది, లీక్ జరిగిన నాటినుంచి రెండేళ్ళ గడువు లెక్క మాత్రం చూసుకోవాలి.